‘పాజిటివ్‌గా ఉండు’ అంటే సరిపోతుందా? ఆశకూ అదుపుకూ ఉన్న లంకె

సంక్షిప్తంగా: మనసును ఆశావహంగా ఉంచుకోవడంపై గత యాభై ఏళ్లకు పైగా సాగిన పరిశోధనను ఒకచోట పెట్టి చూస్తే ఒక విషయం తేలుతుంది. మంచి జరుగుతుందని పదే పదే అనుకోవడం వల్ల వచ్చే ధైర్యం తక్కువ. తన పనికి ఫలితం ఉందని మనిషి ఒకసారైనా కళ్లారా చూస్తే వచ్చే ధైర్యం ఎక్కువ. విజయవాడ కార్పొరేట్ కాలేజీ విద్యార్థికైనా, గుంటూరు మిర్చి రైతుకైనా, 2024లో బుడమేరు వాగు నీళ్లు ఇంట్లోకి వచ్చిన కుటుంబానికైనా ఇదే వర్తిస్తుంది. పరిస్థితి మీద అదుపు అసలే లేని చోట పాజిటివ్ సలహా సాయపడకపోగా బరువవుతుంది.

ఏప్రిల్ వచ్చిందంటే కృష్ణా తీరంలో రెండు టెన్షన్లు ఒకేసారి మొదలవుతాయి. ఇంటర్ ఫలితాలు, వాటి చుట్టూ జేఈఈ, నీట్, ఈఏపీసెట్ ఒకవైపు. గుంటూరు యార్డుకు చేరే మిర్చి టిక్కీలు, రోజుకో రకంగా పలికే రేటు ఇంకోవైపు. పిల్లాడికైనా, పొలం మనిషికైనా చుట్టుపక్కలవాళ్లు చెప్పేది మాత్రం ఒకటే మాట: ‘‘టెన్షన్ పడకు, పాజిటివ్‌గా ఆలోచించు, అంతా మంచే జరుగుతుంది.’’ ఫోన్ తెరిస్తే మోటివేషన్ రీల్స్‌లోనూ అదే. చెప్పేవాళ్ల ప్రేమలో లోటు లేదు. అయినా విన్నవాళ్లలో చాలామందికి ఆ మాట వల్ల ఊరట కలగదు. కొందరికైతే ఇంకాస్త దిగులు పెరుగుతుంది. ఎందుకిలా జరుగుతుందో తెలియాలంటే మనసు నిస్సహాయతలోకి ఎలా జారుతుందో, ఎలా బయటపడుతుందో చూడాలి.

సిద్ధాంతాన్ని తిరగేసిన సొంత రచయితలు

1967లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ అనే ఇద్దరు యువ పరిశోధకులు కుక్కల మీద ఒక ప్రయోగం చేశారు. ఈ రోజుల్లో అనుమతి దొరకడం కష్టమైన ప్రయోగం అది. రెండు గుంపులకూ ఒకే స్థాయిలో కరెంటు షాక్ తగిలింది. మొదటి గుంపులోని కుక్క తలతో ఒక పలకను నొక్కితే షాక్ ఆగుతుంది. రెండో గుంపులోని కుక్క ఏం చేసినా షాక్ ఆగదు. మొదటిది ఆపినప్పుడే దానికీ ఆగుతుంది. అంటే రెండింటికీ నొప్పి సమానం, అదుపులోనే తేడా. తర్వాత వాటిని చిన్న అడ్డు దూకితే తప్పించుకోగల పెట్టెలో ఉంచారు. మొదటి గుంపు దూకేసింది. రెండో గుంపులో ఎక్కువ భాగం కదలకుండా అక్కడే పడి ఉన్నాయి. దీన్నే ‘నేర్చుకున్న నిస్సహాయత’ అన్నారు. ఏం చేసినా లాభం లేదని మనసు నేర్చుకుంటుందని, ఆ పాఠాన్ని మార్గం ఉన్న చోటికి కూడా మోసుకెళ్తుందని అప్పటి వివరణ.

దాదాపు యాభై ఏళ్ల తర్వాత, 2016లో, అదే ఇద్దరు కలిసి తమ సిద్ధాంతాన్ని తామే దిద్దుకున్నారు. ఆ మధ్యకాలంలో మేయర్ ఎలుకల మెదడు మీద చేసిన పని చూపించింది వేరు. కష్టం చాలాసేపు ఆగకుండా కొనసాగితే కదలకుండా కూలబడటం మెదడుకు పుట్టుకతోనే ఉన్న స్పందన. మెదడు కాండంలో సెరటోనిన్ అనే రసాయనాన్ని విడుదల చేసే కణాల గుంపు దాన్ని నడుపుతుంది. దాన్ని ఎవరూ నేర్పక్కర్లేదు. నేర్చుకోవాల్సింది రెండోది: ‘నేను చేసిన పని వల్ల ఇది మారింది’ అన్న అనుభవం. ఆ సంగతిని నుదుటి వెనుక ఉండే మెదడు ముందు భాగం పసిగట్టి, కింది నుంచి వచ్చే ఆ కూలబాటును అణచివేస్తుంది. ఒకసారి అలా అదుపు దొరికిన జంతువు తర్వాత తన చేతిలో లేని కష్టం వచ్చినా అంత తొందరగా డీలా పడలేదు.

మామూలు జీవితంలో పాజిటివ్ ఆలోచన గురించి చెప్పే మాటల్లో ఎక్కువ భాగాన్ని ఈ దిద్దుబాటు వెలుగులో మళ్లీ చూడాలి. దిగులుపడి కూర్చున్న మనిషిలో ఏదో లోపం ఉందన్న ఊహకు ఇక్కడ ఆధారం లేదు. కష్టం ఆగకపోతే మెదడు చేసే మామూలు పనే అది. దాన్ని మార్చేది ఉపదేశం కన్నా ముందు అనుభవం. ఎంత చిన్నదైనా సరే, చేసిన పనికి ఫలితం కనబడాలి.

వీకెండ్ టెస్ట్ మార్కులు చెప్పే కథ

పోరంకి, నిడమానూరు, గూడవల్లి, గొల్లపూడి వైపు ఉన్న రెసిడెన్షియల్ క్యాంపస్‌లలో వారం చివరి టెస్ట్ అయ్యాక ర్యాంకు వస్తుంది. ర్యాంకును బట్టి సెక్షన్ మారే పద్ధతి చాలాచోట్ల ఉంది. అక్కడ ఒకే మార్కును ఇద్దరు విద్యార్థులు రెండు రకాలుగా చదువుకుంటారు. ఒకరు ‘‘నాకు ఫిజిక్స్ ఎప్పటికీ రాదు, నా బుర్రే అంత’’ అనుకుంటారు. ఇంకొకరు ‘‘ఈ వారం రొటేషనల్ మోషన్ లెక్కలు చేయలేదు, అందులోనే పోయాయి’’ అనుకుంటారు. సెలిగ్‌మన్ తర్వాతి దశలో పరిశీలించింది దీన్నే. చెడు జరిగినప్పుడు మనిషి దాన్ని శాశ్వతమైనదిగా చూస్తున్నాడా, తాత్కాలికంగానా? జీవితమంతా అంటగడుతున్నాడా, ఆ ఒక్క విషయానికే పరిమితం చేస్తున్నాడా? తప్పంతా తన స్వభావానిదే అంటున్నాడా, మార్చగల కారణాలు కూడా చూస్తున్నాడా? నిరాశ వైపు జారే మనసు ఈ మూడు చోట్లా మొదటి జవాబే చెబుతుంది.

గమనించాల్సిన సంగతేమిటంటే, రెండో విద్యార్థి తనకు తాను తీపి మాటలేమీ చెప్పుకోలేదు. మార్కులు పోయాయని ఒప్పుకున్నాడు. కారణాన్ని మాత్రం ఒక చాప్టర్ పేరుకు కుదించాడు. చాప్టర్ పేరు దొరికితే రేపు పొద్దున స్టడీ అవర్‌లో చేయాల్సిన పని దొరికినట్టే. ‘నా బుర్రే అంత’ అన్నప్పుడు చేయడానికి పనేమీ మిగలదు.

పెద్దవాళ్ల పొగడ్త కూడా ఈ లెక్కలోకే వస్తుంది. 1998లో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అమెరికాలో ఐదో తరగతి పిల్లలతో చేసిన ప్రయోగాల్లో తెలివిని పొగిడిన పిల్లలు ఆ తర్వాత కష్టమైన పజిళ్లు రాకపోయేసరికి తొందరగా ఉత్సాహం కోల్పోయారు. శ్రమను పొగిడినవాళ్లు నిలబడ్డారు. ‘‘మావాడికి బుర్ర ఉంది, చదవడు గానీ’’ అని చుట్టాల ముందు చెప్పుకోవడం మన ఇళ్లలో మామూలు. అది ప్రేమతో అన్నదే అయినా, తప్పిన రోజున ఆ పిల్లాడు తన బుర్రనే అనుమానించుకునేలా చేస్తుంది. అయితే తెలివి శ్రమతో పెరుగుతుందనే డ్వెక్ సిద్ధాంతాన్ని మంత్రంలా వాడుకోవడమూ సరికాదు. 2019లో అమెరికాలో సుమారు 12 వేల మంది తొమ్మిదో తరగతి విద్యార్థులతో చేసిన పెద్ద అధ్యయనంలో, తెలివి పెంచుకోగలిగేదే అని చెప్పే గంటలోపు ఆన్‌లైన్ పాఠం వల్ల వెనుకబడిన విద్యార్థుల గ్రేడ్లు పెరిగిన మాట నిజమే గానీ పెరుగుదల చిన్నది. తోటి పిల్లలు కష్టమైన పనిని గౌరవించే బడుల్లో అది నిలబడింది, లేని చోట తగ్గిపోయింది. వాతావరణం సహకరించకుండా మనస్తత్వం ఒక్కటే ఎక్కువ దూరం తీసుకెళ్లలేదు.

తీపి ఊహ ఎక్కడ ఎదురుతిరుగుతుంది

సీటు వచ్చినట్టు, ఉద్యోగంలో చేరినట్టు, అందరూ చప్పట్లు కొడుతున్నట్టు ఊహించుకోమని చాలా మోటివేషన్ క్లాసులు చెబుతాయి. గాబ్రియెల్ ఎటింగెన్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఈ సలహాను నేరుగా పరీక్షించారు. 2002లో వెలువడిన ఒక అధ్యయనంలో, డిగ్రీ పూర్తయిన విద్యార్థులను ఉద్యోగం గురించి వాళ్లకు వచ్చే ఊహల గురించి అడిగి, రెండేళ్ల తర్వాత మళ్లీ కలిశారు. తీపి ఊహల్లో ఎక్కువగా తేలినవాళ్లు తక్కువ దరఖాస్తులు పెట్టారు. వాళ్లకు వచ్చిన ఆఫర్లు తక్కువ, జీతమూ తక్కువ. అదే అధ్యయనంలో, తమ అనుభవాన్ని బట్టి ‘ఉద్యోగం వచ్చే అవకాశం ఉంది’ అని లెక్కగట్టుకున్నవాళ్ల ఫలితాలు మెరుగ్గా ఉన్నాయి. నమ్మకం వేరు, పగటికల వేరు అన్న తేడా ఇక్కడ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆ తర్వాతి ప్రయోగాల్లో తీపి ఊహ తర్వాత రక్తపోటు కాస్త తగ్గినట్టు కూడా కనిపించింది. అంటే గమ్యం చేరినట్టే శరీరం సేదతీరుతుంది. పని ఇంకా మొదలే కాలేదు.

అద్దం ముందు నిలబడి ‘నేను గొప్పవాడిని’ అనుకోవడం విషయంలో ఇంకో చిక్కు ఉంది. 2009లో కెనడాకు చెందిన జోవాన్ వుడ్ బృందం చూసిందేమిటంటే, తమ మీద తమకు ముందే నమ్మకం ఉన్నవాళ్లకు అలాంటి వాక్యాలు కాస్త మేలు చేశాయి. నమ్మకం తక్కువగా ఉన్నవాళ్ల మనసు మాత్రం ఇంకా కుంగింది. నోరు ఒకటి అంటుంటే లోపలి గొంతు కాదంటుంది కాబట్టి. ఆ సలహా ఎవరికి ఎక్కువ అవసరమని అనుకుంటామో వాళ్లకే అది హాని చేయడం ఆలోచించాల్సిన విషయం.

ఎటింగెన్ సూచించిన ప్రత్యామ్నాయం సాదాసీదాగా ఉంటుంది. కోరిక అనుకోవాలి, వెంటనే దానికి అడ్డొచ్చే అసలు కారణం ఏమిటో కూడా అనుకోవాలి, ఆ అడ్డు ఎదురైనప్పుడు ఏం చేయాలో ముందే నిర్ణయించుకోవాలి. ‘‘రాత్రి భోజనం అయ్యాక ఫోన్ చేతిలోకి వస్తే, దాన్ని అమ్మ గదిలో ఛార్జింగ్‌కి పెట్టి వచ్చి కూర్చుంటాను’’ అన్నంత వివరంగా. ఇలా ‘ఇది జరిగితే అది చేస్తాను’ అని ముందే కట్టుకున్న నిర్ణయాలు నిలబడతాయని పీటర్ గాల్విట్జర్ పరిశోధనలు 1990ల నుంచీ చూపిస్తున్నాయి.

మిర్చి రేటు ఎవరి చేతిలో ఉంది

ఇప్పటిదాకా చెప్పినదంతా మనిషికి కొంతైనా అదుపు ఉన్న చోటి సంగతి. గుంటూరు యార్డు ముందు నిలబడితే లెక్క మారుతుంది.

ఎకరా మిర్చికి విత్తనం నుంచి కోత కూలీల దాకా పెట్టుబడి లక్షల్లో ఉంటుంది. కౌలు రైతు అయితే కౌలు అదనం. 2021-22లో నల్ల తామర పురుగు వచ్చి పూత రాల్చేసింది. ఆ తర్వాత మంచి రకాలు క్వింటా 20 వేల రూపాయలు దాటిన రోజులూ వచ్చాయి. 2025 మొదట్లో రేటు దాదాపు సగానికి పడిపోయి, రైతులు రోడ్డెక్కాక, కేంద్రం ఫిబ్రవరిలో మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ప్రకటించింది. ఈ ఎగుడుదిగుళ్లలో రైతు చేసిన తప్పు వెతికినా దొరకదు. తేజ రకానికి చైనా నుంచి వచ్చే గిరాకీ, కోల్డ్ స్టోరేజీల్లో మిగిలిన పాత సరుకు, పక్క రాష్ట్రాల్లో పెరిగిన సాగు కలిసి రేటును నిర్ణయిస్తాయి. పెట్టుబడికి అప్పిచ్చిన కమీషన్ ఏజెంట్ దగ్గరకే పంట చేర్చాల్సిన రైతుకు, రేటు వచ్చేదాకా ఆగే వీలు కూడా ఉండదు.

ఈ స్థితిలో మనసుకు ఏం జరుగుతుందో తెలిపే పరిశోధన తమిళనాడులో జరిగింది. ఆనంది మణి, సెంథిల్ ముల్లైనాథన్, ఎల్డార్ షఫీర్, జియాయింగ్ జావో 464 మంది చెరకు రైతులకు కోతకు ముందు, కోత డబ్బు చేతికి వచ్చాక ఆలోచనా శక్తిని కొలిచే పరీక్షలు పెట్టారు. 2013లో ఫలితాలు వచ్చాయి. అదే రైతు, అదే పరీక్ష. డబ్బుకు కటకటగా ఉన్నప్పుడు స్కోరు తక్కువ, చేతిలో డబ్బు ఆడినప్పుడు ఎక్కువ. అప్పు, వడ్డీ, రేటు అనే ఆలోచనలు మెదడులో చోటును ఆక్రమిస్తే నిదానంగా ఆలోచించడానికి మిగిలేది కొంతే. అప్పుల్లో ఉన్న మనిషి తప్పుడు నిర్ణయాలు తీసుకుంటున్నాడని తప్పుపట్టేవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సిన విషయమిది.

అలాంటి మనిషికి ‘పాజిటివ్‌గా ఉండు’ అని చెప్పడంలో దాగి ఉన్న అర్థం ఏమిటంటే, సమస్య నీ ఆలోచనలో ఉంది అని. అది అబద్ధం. గోరుచుట్టు మీద రోకటిపోటు కూడా. ఇక్కడ మనసుకు ధైర్యం ఇచ్చేవి మనసు బయటే ఉన్నాయి: కౌలు రైతు చేతిలో సాగు హక్కు పత్రమైన సీసీఆర్‌సీ కార్డు, పంట వివరాలు ప్రభుత్వ ఈ-క్రాప్ రికార్డులో నమోదు కావడం, బ్యాంకు రుణం, వేయబోయే పంట మీద ముందస్తు ధర అంచనా. రైతు తనంతట తాను చేయగలిగినవి కూడా కొన్ని ఉంటాయి. కల్లంలో కాయను తేమ పోయేదాకా ఆరబెట్టడం, తాలును వేరుచేసి పెట్టడం, వచ్చే ఏడాది కొంత పొలంలో వేరే పంట వేయడం లాంటివి. ఇవి రేటును మార్చవు. చేతికి వచ్చేదాన్ని కొంత మారుస్తాయి, మనిషి పూర్తిగా కూలబడకుండా ఆపుతాయి. ఈ రెండు జాబితాలనూ కలిపేసి మొదటిదాని భారం కూడా రైతు మనసు మీదే పెట్టడం వల్లే సలహాలు విఫలమవుతున్నాయి.

సింగ్‌నగర్‌లో నీళ్లు తీశాక

2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు కట్టలకు గండ్లు పడి విజయవాడలోని అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట ప్రాంతాలు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ వద్ద 11 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం నమోదైంది. నీళ్లు తీశాక మిగిలింది బురద. ఇళ్లు కడగడానికి ఫైర్ ఇంజిన్లు వచ్చాయి. ఫ్రిజ్‌లు, పరుపులు, బైకులు, పిల్లల సర్టిఫికెట్లు పోయాయి. కింది అంతస్తు మునిగిన ఇంటికి 25 వేలు, పై అంతస్తు ఇంటికి 10 వేల రూపాయలు సాయంగా ప్రభుత్వం ప్రకటించింది.

విపత్తు తర్వాత మనుషులు కోలుకోవడానికి ఏం కావాలన్నదానిపై 2007లో స్టీవన్ హాబ్‌ఫాల్ సహా పలు దేశాల నిపుణులు ఐదు అంశాల దగ్గర ఏకాభిప్రాయానికి వచ్చారు. భద్రత, మనసు కుదుటపడటం, తమ వల్లా తమ వీధి వల్లా పని అవుతుందన్న నమ్మకం, తోటివారితో బంధం, ఆశ. ఆశ అక్కడ ఒంటరిగా లేదు. భద్రత లేని చోట, నలుగురూ లేని చోట దాన్ని విడిగా నూరిపోయలేం. నలుగురు కలిసి ఒక ఇంటి బురద ఎత్తి, మర్నాడు పక్కింటికి వెళ్లడం ఏ కౌన్సెలింగ్ ఉపన్యాసం కన్నా ఎక్కువ పనిచేస్తుందని అనుకోవడానికి ఈ జాబితా గట్టి కారణాన్ని ఇస్తుంది. పరిహారం కోసం ఆఫీసుల చుట్టూ పదిసార్లు తిప్పడం సరిగ్గా దీనికి వ్యతిరేక దిశలో పనిచేస్తుంది. ఏం చేసినా ఏమీ జరగదన్న అనుభవాన్ని అది మళ్లీ మళ్లీ ఇస్తుంది.

అమ్మవారి మీద భారం వేయడం

ఇంద్రకీలాద్రి కింద బతికే ఊళ్లో మనోధైర్యం గురించి మాట్లాడుతూ దుర్గమ్మను పక్కన పెట్టలేం. భక్తి మనిషిని సోమరిని చేస్తుందని కొందరు, భక్తి ఉంటే చాలని కొందరు అంటుంటారు. కెనెత్ పర్గమెంట్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1988లో అక్కడి చర్చి సభ్యులపై చేసిన అధ్యయనం ఈ వాదనకు ఒక దారి చూపిస్తుంది. దేవుడే చూసుకుంటాడని పని మానేసినవాళ్లలో సమర్థత భావం తక్కువగా కనిపించింది. దేవుడు తోడున్నాడనుకుని తమ వంతు తాము చేసినవాళ్లలో అది ఎక్కువగా ఉంది. హాల్‌టికెట్ అమ్మవారి పాదాల దగ్గర పెట్టి, ఇంటికొచ్చి పుస్తకం తీసే విద్యార్థి రెండో కోవలోకి వస్తాడు.

రోజువారీ అలవాట్లు, వాటి పరిమితి

నిద్ర గురించి ముందుగా చెప్పాలి. ఒక రాత్రి నిద్ర లేకపోతే భయం, కోపం రేపే మెదడు భాగం చెడు దృశ్యాలకు చాలా తీవ్రంగా స్పందిస్తుందని 2007లో మెదడు స్కాన్లు చూపించాయి. మే నెలలో విజయవాడలో నలభై డిగ్రీలు దాటిన పగటి తర్వాత, డాబా ఇల్లు అర్ధరాత్రి దాకా వేడి కక్కుతుంటే, కరెంటు పోయిన గదిలో పడుకున్న మనిషి పొద్దున్నే చిరాగ్గా ఉండటం స్వభావ లోపం కాదు. ఆ నెలలో ఇంట్లో గొడవలను మనస్తత్వం ఖాతాలో వేసే ముందు నిద్ర లెక్క చూసుకోవడం మంచిది.

జరిగిన మంచిని రాసుకునే అలవాటుకు కొంత ఆధారం ఉంది. 2003లో ఎమన్స్, మెకల్లా చేసిన ప్రయోగంలో వారానికోసారి కృతజ్ఞత కలిగించిన విషయాలు రాసినవాళ్లు చిరాకులు రాసినవాళ్లకన్నా తమ జీవితం పట్ల ఎక్కువ తృప్తి చూపారు. సోన్యా లూబొమిర్‌స్కీ బృందం పరిశీలనలో వారానికి ఒక్కసారి రాసినవాళ్లకు ఫలితం కనబడింది, మూడుసార్లు రాసినవాళ్లకు కనబడలేదు. మరీ తరచుగా రాస్తే అది హోంవర్క్ అయిపోతుంది.

21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందన్న ప్రచారానికి పునాది 1960 నాటి ఒక ప్లాస్టిక్ సర్జన్ తన రోగుల గురించి రాసుకున్న పరిశీలన. లండన్‌లో ఫిలిపా లాలీ 96 మందిని గమనిస్తే సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజుల్లోనే అయింది, ఇంకొందరికి 254 రోజుల దాకా పడుతుందని లెక్క తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు చెడిపోలేదు. 22వ రోజున మానేసి ‘నా వల్ల కాదు’ అనుకున్న ఎంతోమందికి ఈ ఒక్క సమాచారం చాలు.

మనసు పరిధి దాటినప్పుడు

రెండు వారాలకు పైగా దిగులు వదలకపోతే, ఇష్టమైన పని మీద కూడా ఆసక్తి పోతే, నిద్ర, తిండి మారిపోతే, బతుకు మీద విరక్తి మాటలు వస్తుంటే అది పాజిటివ్ ఆలోచనతో తేలే విషయం కాదు. వైద్యం కావాలి. గుంటూరు, విజయవాడ ప్రభుత్వ సర్వజనాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. 2022 అక్టోబరు 10న మొదలైన ‘టెలీ మానస్’ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌లో 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, సమస్యను బట్టి బాధితుల్లో 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు.

విద్యార్థుల విషయంలో బాధ్యతను సంస్థల మీద పెట్టిన తీర్పు 2025 జులైలో వచ్చింది. విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతున్న విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టడం, అందరి ముందు అవమానించడం మానాలి. హెల్ప్‌లైన్ నంబర్లను హాస్టళ్లలో, క్లాసుల్లో కనబడేలా పెట్టాలి. ఇవి అమలైతే వీకెండ్ టెస్ట్ షీటు మీద ర్యాంకు పక్కన చాప్టర్ల వారీగా మార్కులు కూడా ఇచ్చే కాలేజీలు పెరగవచ్చు. విద్యార్థికి అదుపు దొరికేది అక్కడే.

గోడ మీద నంబరు విషయంలో ఒక అడ్డంకి మాత్రం మిగిలి ఉంది. చాలా రెసిడెన్షియల్ క్యాంపస్‌లలో విద్యార్థుల దగ్గర ఫోన్ ఉండనివ్వరు. 14416కు ఫోన్ చేయాలంటే వార్డెన్‌ను అడగాలి, ఎందుకో చెప్పాలి. ప్రతి అంతస్తులో ఎవరి అనుమతీ అక్కర్లేని ఒక ఫోన్ పెట్టడానికి పెద్ద ఖర్చేమీ అవదు.